మీ సొంత త్రైమాసిక ఫలితాలు: నారాయణమూర్తి పద్ధతిలో మూడు నెలలకోసారి లెక్క చూసుకోవడం ఎలా

బెంగళూరులో నలుగురు తెలుగువాళ్ళు కూర్చున్నచోట ఇన్ఫోసిస్ నారాయణమూర్తి పేరెత్తితే మాట నేరుగా, యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్న ఆయన సలహా మీదికి పోతుంది. 2023 అక్టోబరులో ఆయన ఆ మాట అన్నప్పటినుంచీ ఇదే వరస. సగంమంది తిట్టుకుంటారు, సగంమంది ఇంట్లో కుర్రాళ్ళకు చదివి వినిపిస్తారు. ఈ గొడవలో పనికొచ్చే సంగతి ఒకటి మరుగున పడింది. కంపెనీని ఆయన నాలుగు మాటల చుట్టూ నడిపారు. ఎంత వస్తుందో ముందే చెప్పగలగాలి. చెప్పింది నిలకడగా సాగాలి. చివరికి చేతిలో ఏమైనా మిగలాలి. ఒక్క దెబ్బకు కూలిపోకుండా చూసుకోవాలి. ప్రెడిక్టబిలిటీ, సస్టెయినబిలిటీ, ప్రాఫిటబిలిటీ, డీ-రిస్కింగ్ అని కంపెనీలో వాటికి పేర్లు. పొట్టిగా పీఎస్‌పీడీ.

1981లో ఏడుగురు కలిసి, నారాయణమూర్తి భార్య సుధామూర్తి దాచుకున్న 10,000 రూపాయలతో పుణెలో మొదలుపెట్టి, 1983లో బెంగళూరుకు మారి, 1999లో అమెరికా స్టాక్ మార్కెట్ నాస్‌డాక్‌లో నమోదైన కంపెనీ అది. భారత్‌లో రిజిస్టరైన కంపెనీల్లో అక్కడికి మొదట వెళ్ళింది అదే. మూడు నెలలకోసారి ఫలితాలు చెప్పడం, రాబోయే కాలానికి అంచనా ఇవ్వడం, ఇచ్చిన అంచనాకు కట్టుబడటం దాని అలవాటు. ఉద్యోగం చేసుకునే మనిషి అదే పని తన జీవితానికి ఎలా చేసుకోవచ్చో ఇక్కడ వరసగా చెబుతున్నాం. ఐటీ వాళ్ళకే అని కాదు. పీణ్యాలో మెషిన్ షాపు సూపర్‌వైజరుకైనా, బ్యాంకు ఉద్యోగికైనా ఇది సరిపోతుంది.

కావలసినవి

200 పేజీల పొడుగు నోటుపుస్తకం ఒకటి. పై నాలుగు మాటలకు ఒక్కో పేజీ. ఫోనులో యాప్ వద్దు. యాప్‌లో పాత అంకె మీద కొత్త అంకె రాస్తే పాతది మాయమవుతుంది, నోటుపుస్తకంలో కొట్టివేత కనిపిస్తుంది. ఆ కొట్టివేతలతోనే తర్వాత పని పడుతుంది. దాంతోపాటు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, పే స్లిప్పులు, ఆఫీసు క్యాలెండరు, క్రెడిట్ కార్డు బిల్లులు కావాలి. రెండున్నర గంటల సమయం పెట్టుకోండి. మీ లెక్క వినే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషి సంగతి చివర్లో చెబుతాం.

రోజు ఎంచుకోవడం

ఏప్రిల్, జులై, అక్టోబరు నెలల్లో రెండో శనివారం పెట్టుకోండి. అప్పటికి జీతం పడి, అద్దె, ఈఎంఐలు పోయి, ఖాతా అసలు రూపంలో ఉంటుంది. జనవరిలో మాత్రం నాలుగో శనివారానికి జరపండి. రెండో శనివారానికి సంక్రాంతి ప్రయాణాల హడావిడి తగులుతుంది. మెజెస్టిక్‌లో బస్సు కోసం నిలబడి ఎవరూ లెక్కలు చూసుకోరు. ఆదివారం సాయంత్రం పెట్టుకున్నవాళ్ళు ఎక్కువగా మానేస్తారు, సోమవారం ఆఫీసు గుబులు అప్పటికే మొదలై ఉంటుంది కాబట్టి.

మొదటిసారి కూర్చున్నప్పుడు లక్ష్యాలేవీ రాయొద్దు. ఉన్నది ఉన్నట్టు అంకెలు రాసి పుస్తకం మూసేయండి. మొదటి రోజే లక్ష్యాలు రాసినవాళ్ళు తమ నిజమైన అంకె తెలియకుండానే దాన్ని రెట్టింపు చేస్తామని రాసుకుంటారు. రెండో త్రైమాసికంలో పుస్తకం తెరవడానికి సిగ్గుపడతారు.

మొదటి పేజీ: చెప్పినవి, చేసినవి

ఎవరికి ఏ మాట ఇచ్చినా అదే రోజు, గడువు తేదీతో సహా, ఒక వరసలో రాయండి. మేనేజరుకు ఇచ్చింది, అమ్మకు ఇచ్చింది, ఇంటి ఓనరుకు ఇచ్చింది, మీకు మీరే ఇచ్చుకున్నది, అన్నీ ఒకే జాబితాలోకి రావాలి. ప్రతి శుక్రవారం ఐదు నిమిషాలు కూర్చుని, గడువులోపు అయినవాటికి టిక్కు, ఆలస్యంగా అయినవాటికి గీత, కానివాటికి సున్నా పెట్టండి.

మూడు నెలల చివర భాగహారం చేయండి. 34 మాటలిచ్చి 21 గడువులోపు చేశారనుకుందాం. 62 శాతం. వచ్చే మూడు నెలలకు మీ గైడెన్స్, అంటే ముందే చెప్పే అంచనా, ఇప్పుడు 21. ఇంకా మాటలిచ్చేముందు ఈ అంకె గుర్తుండాలి. ఇచ్చే మాటలు 24 దాటనివ్వకండి. తక్కువ చెప్పి ఎక్కువ చేయడం ఇన్ఫోసిస్ పాటించిన సూత్రం. మనుషులం మాత్రం దాన్ని తలకిందులుగా చేస్తుంటాం. ఎక్కువ ఒప్పుకుంటే మంచివాడు అనిపించుకుంటామని ఒప్పుకుంటాం. మూడు నెలలు తిరిగేసరికి దక్కే పేరు మాట నిలబెట్టుకోడనే.

ఈ పేజీ చెడేది సాధారణంగా ఒక్క కారణంతో. మాట కొలవడానికి వీల్లేకుండా ఉంటుంది. 'క్లౌడ్ నేర్చుకుంటాను' అని రాస్తే శుక్రవారం టిక్కు పెట్టాలో సున్నా పెట్టాలో తెలియదు. 'జూన్ 20లోపు పరీక్షకు ఫీజు కట్టి తేదీ తీసుకుంటాను' అని రాయండి. 'ఇంటికి తరచు ఫోన్ చేస్తాను' అని ఉంటే 'బుధవారం, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు నాన్నతో మాట్లాడతాను' అని మార్చండి. రాయలేకపోతే ఆ మాట ఇవ్వకండి.

గడువు తప్పుతుందని తెలిశాక ఏం చేయాలన్నది ఇంకా ముఖ్యం. 2003 ఏప్రిల్‌లో ఇన్ఫోసిస్ రాబోయే సంవత్సరానికి మార్కెట్ అనుకున్నదానికన్నా తక్కువ అంచనా ఇచ్చింది. ఆ ఒక్కరోజే షేరు ధర నాలుగో వంతుకు పైగా పడిపోయింది. దెబ్బ గట్టిదే. కానీ చెడ్డ వార్త కంపెనీ నోటినుంచే, ముందే వచ్చింది. అనుమానం ఉంటే బయటపెట్టెయ్యాలన్నది మూర్తి పట్టుదల. మీ విషయంలో దీన్ని ఒక నియమంగా పెట్టుకోండి: గడువుకు ఇంకా సగం కాలం ఉండగా ఒకసారి ఆగి చూడాలి, సగం పని కాకపోతే ఆ రోజే చెప్పాలి.

చెప్పే మాటలో నాలుగు ముక్కలు ఉండాలి. ఏం చెప్పాను, ఏం అడ్డొచ్చింది, కొత్త తేదీ ఏది, పాత తేదీకి ఎంతవరకు ఇవ్వగలను. ఇలా: 'గురువారానికి ఇస్తానన్నాను. టెస్ట్ సర్వరు మంగళవారం దాకా రాలేదు. మొత్తం సోమవారం మధ్యాహ్నానికి అవుతుంది. గురువారానికి మొదటి రెండు మాడ్యూళ్ళు ఇచ్చేస్తాను.' నాలుగోది వదిలేస్తే వినేవాళ్ళకు అది సాకులా వినిపిస్తుంది. రెండోది మరీ పొడుగైనా అంతే.

రెండో పేజీ: ఇది ఇలాగే ఇంకో ఏడాది సాగుతుందా

70 గంటల చర్చ రావాల్సింది ఈ పేజీలోకే. గడిచిన 13 వారాలకు 13 గళ్ళు గీయండి. ఒక్కో గడిలో మూడు అంకెలు: ఆఫీసు పని గంటలు, రోడ్డు మీద గంటలు, నిద్ర సగటు. రోడ్డు గంటలు వదిలేస్తే ఈ ఊళ్ళో లెక్క అబద్ధమవుతుంది. మారతహళ్ళి పీజీనుంచి ఎలక్ట్రానిక్ సిటీకి ఒకవైపు గంటన్నర పడితే, వారానికి ఐదు రోజులకు 15 గంటలు. 48 గంటల ఉద్యోగం 63 గంటల ఉద్యోగమైంది. మీరు అనుకోకుండానే మూర్తిగారు చెప్పిన అంకె దగ్గరికి వచ్చేశారు, కాకపోతే అందులో 15 గంటలు సిల్క్‌బోర్డు సిగ్నలుకు పోయాయి. 2025 ఆగస్టులో ఆర్వీ రోడ్డునుంచి బొమ్మసంద్రకు పసుపు లైను మెట్రో వచ్చాక కొందరికి ఈ గడి మారింది. ఇల్లు మారే ఆలోచన ఉంటే ముందు ఈ గడి చూడండి, అద్దె తర్వాత. అద్దె 4,000 పెరిగి వారానికి ఎనిమిది గంటలు మిగిలితే, నెలకు 32 గంటలు, గంట 125 రూపాయలకు కొన్నట్టు. మీ జీతాన్ని గంటల్లోకి మార్చి పోల్చుకోండి.

ఇప్పుడు పరీక్ష. మీరు గొప్పగా చెప్పుకునే అలవాటు ఒకటి తీసుకోండి, ఉదయం ఐదింటికి లేచి చదవడమే అనుకుందాం. 13 వారాల్లో కనీసం నాలుగు రోజులు చేసిన వారాలు ఎన్ని? తొమ్మిదికి తక్కువైతే అది మీ అలవాటు కాదు, మీ కోరిక. దాన్ని తగ్గించి 13కి 11 వారాలు నిలబడే కొలతకు తెచ్చుకోండి. రోజుకు గంట కాకపోతే వారానికి మూడుసార్లు 40 నిమిషాలు.

మూర్తి ఏళ్ళ తరబడి ఉదయం 6:20కే ఆఫీసులో ఉండేవారని అందరూ చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఇల్లూ పిల్లలూ సుధామూర్తి చూసుకున్నారని, కంపెనీ మొదలైనప్పుడు ఇంట్లోకి వచ్చిన జీతం ఆమెదేనని చెప్పుకునేవాళ్ళు తక్కువ. ఒకరి దినచర్యను ఎత్తుకొచ్చేటప్పుడు దాని వెనక ఎవరి శ్రమ ఉందో కూడా రాసుకోండి. మీ ఇంట్లో ఇద్దరూ ఉద్యోగస్తులై, పాప డేకేర్‌లో ఉంటే 6:20 ఎవరి నెత్తిన పడుతుందో పేజీలో కనబడుతుంది.

మూడో పేజీ: మిగిలింది

ఇది తేలిక. చేతికొచ్చే జీతంలోంచి మూడు నెలల సగటు ఖర్చులు తీసేయండి. ఒక నమూనా: చేతికి 82,000. అద్దెలో వాటా 16,000, తిండి 9,000, ప్రయాణం 4,500, ఊరికి పంపేది 15,000, బండి ఈఎంఐ 5,200, ఊరెళ్ళిరావడం 3,300, ఫోను, ఓటీటీలు 2,000, చిల్లరమల్లర 9,000. మొత్తం 64,000. మిగిలింది 18,000, అంటే 22 శాతం. ముఖ్యం ఈ 22 నిలబడటం. ఒక త్రైమాసికంలో 30 ఉండి మరోదాంట్లో 8 ఉంటే మొదట్లో చెప్పిన ప్రెడిక్టబిలిటీ లేనట్టే. ఇంటి అడ్వాన్సును ఖర్చులో కలపకండి, అది మీ ఆస్తి. అయితే ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు పేరుతో ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి రివాజు, కాబట్టి ఒక నెల తీసేసి రాసుకోండి.

డబ్బు కింద ఇంకో మూడు గీతలు ఉంచండి. మూడు నెలల కిందట చేయలేక, ఇవాళ ఎవరి సాయం లేకుండా చేయగలిగిన పనులు మూడు రాయాలి. 'అనుభవం వచ్చింది' అని రాయకూడదు. 'ప్రొడక్షన్‌లో డేటాబేస్ నెమ్మదిస్తే క్వెరీ ప్లాన్ చూసి కారణం పట్టుకోగలను' అని రాయొచ్చు. మూడు గీతలూ ఖాళీగా ఉంటే మీ గంటలు అమ్ముడుపోయాయి, మీకేమీ మిగల్లేదు. వరసగా రెండు త్రైమాసికాలు ఖాళీగా ఉంటే ప్రాజెక్టు మార్చమని అడగాల్సిన సమయం వచ్చింది.

ఒక హెచ్చరిక. ఈ పేజీలో అమ్మానాన్నలకు పంపే డబ్బును, తమ్ముడి ఫీజును, చూసి రావడానికి పోయిన శనాదివారాలను 'నష్టం' కింద వేసేవాళ్ళుంటారు. కంపెనీ నష్టమొచ్చే విభాగాన్ని మూసేస్తుంది, మీరు కుటుంబాన్ని మూసేయలేరు. అవి స్థిర ఖర్చులు, ముందే తీసి పక్కన పెట్టాల్సినవి.

నాలుగో పేజీ: దేనిమీద ఎంత ఆధారపడ్డాను

నాలుగింట్లో ఎక్కువసేపు కూర్చోవాల్సింది దీనిమీదే. 1995లో ఇన్ఫోసిస్ ఆదాయంలో నాలుగో వంతు ఒకే పెద్ద అమెరికన్ కస్టమర్‌నుంచి వచ్చేది. ఆ కస్టమర్ భారతీయ కంపెనీలను బెంగళూరులో హోటల్‌కు పిలిపించి బేరానికి దిగాడు. చెప్పిన ధరకు ఒప్పుకుంటే నాణ్యమైన పని చేయలేరు, మంచి మనుషులను పెట్టుకోలేరు. ఒప్పుకోకపోతే పావు ఆదాయం పోతుంది. ఇన్ఫోసిస్ ఒప్పుకోలేదు. ఆ తర్వాత చేసిన పని ఇంకా పెద్దది. ఏ ఒక్క క్లయింటు మీద, ఏ ఒక్క టెక్నాలజీ మీద, ఏ ఒక్క దేశం మీద, ఏ ఒక్క వ్యాపార రంగం మీద, ఏ ఒక్క ముఖ్య ఉద్యోగి మీద అతిగా ఆధారపడకుండా చూడటానికి రిస్కు కౌన్సిల్ ఒకటి పెట్టుకున్నారు.

ఆ ఐదింటినే మీ పేజీలో ఐదు వరసలుగా రాయండి.

క్లయింటు అంటే మీ యజమాని. ఇక్కడ ఆధారం వంద శాతం, దాన్ని తగ్గించలేరు. అందుకని దెబ్బ తగిలితే నిలబడే కాలాన్ని పెంచుకోవాలి. పై నమూనాలో ఉద్యోగం లేని నెలలో ప్రయాణం, చిల్లర ఖర్చులు కొంత తగ్గి 52,000 అవుతాయనుకుంటే, ఆరు నెలలకు 3,12,000. ఒక నెలది సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఫిక్స్‌డ్ డిపాజిట్లో ఉంచండి, షేర్లలో వద్దు. ఉద్యోగాలు పోయే కాలంలోనే షేర్లూ పడతాయి. 90 రోజుల నోటీసు పీరియడ్‌ను ఈ ఆరు నెలల్లో కలపకండి. మీరు రాజీనామా చేసినప్పుడు అది మిమ్మల్ని కట్టిపడేయడానికి పూర్తిగా పనిచేస్తుంది. వాళ్ళు పొమ్మన్నప్పుడు ఎంత చేతికొస్తుందన్నది మీ ఆఫర్ లెటరులోని ఒక పేరా మీద ఆధారపడి ఉంటుంది. ఆ పేరా ఇవాళే చదవండి.

ఇదే వరసలో ఆరోగ్య బీమా కూడా. కంపెనీ గ్రూపు పాలసీ ఉద్యోగంతోపాటే పోతుంది, గుంటూరులోనో కడపలోనో ఉన్న అమ్మానాన్నల కవరేజీ కూడా అందులోదే అయితే అదీ పోతుంది. సొంత పాలసీ ఉద్యోగం ఉండగానే తీసుకోవాలి. బీపీ, షుగరు లాంటి ముందునుంచీ ఉన్న జబ్బులకు పాలసీనిబట్టి మూడేళ్ళదాకా నిరీక్షణ కాలం ఉండొచ్చు. ఆ గడియారం జీతం వస్తున్న రోజుల్లో నడవడం మంచిది. దరఖాస్తులో ఉన్న జబ్బు దాచొద్దు. క్లెయిములు తిరిగొచ్చేది ఎక్కువగా అక్కడే.

టెక్నాలజీ: గడిచిన మూడు నెలల పనిగంటల్లో ఒకే టూలు మీద, ఒకే భాష మీద ఎంత శాతం పోయింది? 80 దాటితే పక్కదాన్ని మొదలుపెట్టండి. పూర్తిగా కొత్తది కాదు, పక్కదే. జావాలో పనిచేసేవాళ్ళు అదే అప్లికేషను క్లౌడ్‌లో ఎలా నిలబెడతారో నేర్చుకుంటే నెలలోనే ఆఫీసులో వాడే అవకాశం దొరుకుతుంది. ఉన్నట్టుండి డేటా సైన్స్ కోర్సుకు లక్షలు కట్టేవాళ్ళకు ఆ అవకాశం దొరకదు. వాడని విద్య ఆరు నెలల్లో మరుపులో పడుతుంది.

దేశం: మీ ఐదేళ్ళ ఆలోచన అంతా అమెరికా వీసా మీదే ఉందా? 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుమన్నప్పుడు ఒక్క రాత్రిలో ఎంతమంది ప్రణాళికలు తలకిందులయ్యాయో చూశాం. వెళ్ళొద్దని కాదు. వెళ్ళకపోయినా నడిచే రెండో ప్రణాళిక అదే పేజీలో, తేదీలతో ఉండాలి.

రంగం: బ్యాంకింగ్, రిటైల్, టెలికాం, ఏదైనా. నాలుగేళ్ళు దాటాక దీన్ని చూసుకుంటే చాలు. మొదటి నాలుగేళ్ళూ ఒకే రంగంలో లోతుకు పోవడమే మేలు.

ముఖ్య మనిషి: దీన్ని రెండువైపులా చూడాలి. మీ పని విలువ తెలిసిన మనిషి ఆఫీసులో ఎంతమంది? ఒక్క మేనేజరే అయితే, ఆయన ఫిబ్రవరిలో ఉద్యోగం మారితే ఏప్రిల్ అప్రైజల్‌లో మీ ఏడాది గాల్లో కలుస్తుంది. పదిహేను రోజులకోసారి ఆరు వరసల మెయిలు రాయడం మొదలుపెట్టండి: అయినవి, ఆగినవి, కావలసిన సాయం. మేనేజరుకు పంపి, పనితో సంబంధమున్న మరొకరికి కాపీ పెట్టండి. పొగుడుకోవద్దు, అంకెలు చాలు. ఏడాది తిరిగేసరికి 24 మెయిళ్ళుంటాయి, అప్రైజల్ ఫారం వాటిలోంచే నిండుతుంది.

రెండోవైపు, మీ ఇంటికి ముఖ్య ఉద్యోగి మీరే. మీరు వారం ఆసుపత్రిలో ఉంటే ఈఎంఐ ఏ ఖాతాలోంచి పోతుందో, పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో ఇంట్లో ఎవరికి తెలుసు? ఒక కాగితం మీద ఖాతాలు, పాలసీలు, అప్పులు, ఎవరికి ఫోన్ చేయాలో రాసి ఊళ్ళో బీరువాలో పెట్టండి. పాస్‌వర్డులు అందులో రాయొద్దు. పీఎఫ్ వెబ్‌సైటులో ఈ-నామినేషన్ అయిందో లేదో చూడండి. పెళ్ళైతే పాత నామినేషన్ మళ్ళీ కొత్తగా ఇవ్వాలి, చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆధార్‌లో, పీఎఫ్‌లో పేరు ఒకేలా లేకపోతే ముందు అది సరిచేయించుకోవాలి. ఇంటిపేరు మొదట రాయాలా చివర రాయాలా అన్న తెలుగువాళ్ళ పాత తంటా ఇక్కడ బాగా తగులుతుంది.

గెలుపును కోసి చూడటం

2007లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం స్టెర్న్ బిజినెస్ స్కూల్ విద్యార్థులతో మాట్లాడినప్పుడు మూర్తి ఒక మాటన్నారు. ఓటమినుంచి నేర్చుకోవడం కన్నా గెలుపునుంచి నేర్చుకోవడం కష్టమని. ఓడితే కారణం వెతుకుతాం, గెలిస్తే అప్పటిదాకా చేసినవన్నీ సరైనవే అనుకుంటాం. అందుకని ఈ మూడు నెలల్లో మీకు బాగా కలిసొచ్చిన పని ఒకటి తీసుకుని దానికి ఐదు కారణాలు రాయండి.

ఉదాహరణకు సాఫ్ట్‌వేర్ రిలీజు టైముకు అయింది, మెచ్చుకుంటూ మెయిలొచ్చింది. కారణాలు: క్లయింటు రెండు ఫీచర్లు తగ్గించాడు, సీనియర్ అక్క రోజూ సాయంత్రం కోడ్ చూసి పెట్టింది, పాత ప్రాజెక్టు కోడు సగం పనికొచ్చింది, టీములో ఎవరూ సెలవు పెట్టలేదు, మూడు రాత్రులు నిద్ర మానుకుని కూర్చున్నారు. ఇప్పుడు ఒక్కోదాన్నీ అడగండి: ఇది లేకపోయినా పని అయ్యేదా? ఇది మళ్ళీ జరిగేలా నేను చేయగలనా? ఫీచర్లు తగ్గడం, సెలవులు లేకపోవడం మీ చేతిలో లేవు, వాటిని అదృష్టం కింద వేయండి. రోజూ కోడ్ చూపించుకోవడం, పాత కోడు వెతకడం మీ చేతిలోవి. వచ్చే త్రైమాసికం అవే కొనసాగించండి. మూడు రాత్రుల సంగతి చూడండి. ఐదింట్లో మీకు బాగా గుర్తున్నది అదే, ఎందుకంటే నొప్పి పెట్టింది. చాలామంది గెలుపంతా ఆ నొప్పికే కట్టబెట్టి, తర్వాతి రిలీజుకు ఆరు రాత్రులు కూర్చుంటారు.

అంకె పట్టుకుని మాట్లాడటం

మేము దేవుణ్ణి నమ్ముతాం, మిగతా అందరూ లెక్కలు తీసుకురావాలి అన్న నానుడి మూర్తి నోట తరచు వినిపించేది. పుట్టించింది ఆయన కాదు, పాటించింది ఆయన. అప్రైజల్ గదిలోకి వెళ్ళేముందు ఒక పేజీ రాసుకోండి. పైన మీ అంకెలు మూడు: గడువులోపు ఇచ్చినవి, మీవల్ల తగ్గిన సమయమో ఖర్చో, మీరు నేర్పిన మనుషులు. కింద మీరు అడిగేది ఒక్క వాక్యంలో. 'నేను చాలా కష్టపడ్డాను సార్' అన్న మాటకు ఎదుటివారి దగ్గర జవాబు ఎప్పుడూ ఉంటుంది, 'అందరూ కష్టపడ్డారు' అని. అంకెకు జవాబుగా ఇంకో అంకె తేవాలి. అడిగింది రాకపోతే ఏ అంకె ఎంతకు పెరిగితే వస్తుందో అడిగి, ఆ సాయంత్రమే మెయిలులో రాసి పంపండి. వాదన అయితే అయింది, మర్నాడు పొద్దున ఆ మనిషితో సున్నా నుంచి మొదలుపెట్టండి. ఇన్ఫోసిస్‌లో విభేదించడానికి అభ్యంతరం ఉండేది కాదు, దుర్భాషకు, పగకు మాత్రం చోటు ఉండేది కాదు.

ఎవరికి చదివి వినిపించాలి

కంపెనీకి బోర్డు ఉంటుంది. మీకు ఒక్కరు చాలు, ఇద్దరైతే ఇంకా మంచిది. మీ టీములోవాళ్ళు వద్దు, మీ చెడ్డ అంకె వాళ్ళకు పనికొస్తుంది. భార్యాభర్తలు లెక్కలు పంచుకోవాల్సిందే గానీ, బోర్డుగా వాళ్ళొక్కరే సరిపోరు. ఆ అంకెల్లో వాళ్ళకూ వాటా ఉంది కాబట్టి తటస్థంగా అడగలేరు. వేరే కంపెనీలో ఉన్న కాలేజీ సీనియరు, ఊరి అన్న, రిటైరైన బ్యాంకు బాబాయి లాంటివాళ్ళు సరిపోతారు. 40 నిమిషాలు అడగండి. నాగార్జున హోటల్లో భోజనానికి కూర్చుని మాత్రం కాదు, చెయ్యి పప్పన్నంలో ఉండగా పుస్తకం తిరగేయలేరు. కబ్బన్ పార్కులో బెంచీ నయం.

చెడ్డ వార్త ముందు చదవండి. 'అన్నా, ఈ మూడు నెలల్లో 34 చెప్పాను, 21 చేశాను. కానివాటిలో ఏడు నాకు నేను ఇచ్చుకున్నవే.' అక్కడితో ఆగండి, కారణాలు వాళ్ళు అడిగితేనే చెప్పండి. వాళ్ళ పని మూడు ప్రశ్నలు అడగడం, సలహా ఇవ్వడం కాదు. ఈ సంగతి ముందే చెప్పి కూర్చోబెట్టండి, లేకపోతే మనవాళ్ళు పది నిమిషాల్లో మీ పెళ్ళిసంబంధం మీదికో, అనంతపురంలో స్థలం మీదికో వెళ్ళిపోతారు. మాట్లాడటం అయ్యాక, వచ్చే మూడు నెలలకు మీ గైడెన్స్ ఒక వరసలో రాసి వాళ్ళ చేత తేదీ వేయించండి.

తప్పిపోతే

ఒక త్రైమాసికం మానేస్తే జ్ఞాపకం మీద పాత పేజీ నింపకండి. జ్ఞాపకం ఎప్పుడూ మీ పక్షానే సాక్ష్యం చెబుతుంది. ఆ పేజీ మీద తేదీ వేసి ఖాళీగా వదిలి, తర్వాతి దానికి వెళ్ళండి. నాలుగు త్రైమాసికాలయ్యాక, జనవరి నాలుగో శనివారం నాడు, నాలుగు పేజీలనుంచి మూడు వరసలే పక్కపక్కన రాయండి: మాట నిలిచిన శాతం, మిగిలిన శాతం, ఆధారం ఎక్కువున్న వరస. ఒక్క త్రైమాసికంలో అంకె పడిందని పద్ధతి మార్చొద్దు. పండగలు, జ్వరాలు, ప్రాజెక్టు చివరి వారాలు అందరికీ ఉంటాయి. వరసగా రెండుసార్లు పడితే, మూడోదానికి ఒకే ఒక్క మార్పు చేసి, మిగతావన్నీ అలాగే ఉంచండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఏప్రిల్‌లో చెప్పలేరు.